మద్రాసులో పొద్దున్నే దిగారా? మొదటి రోజు హడావిడి లేకుండా గడపడం ఎలా

మన వైపు నుంచి చెన్నై వచ్చే రాత్రి రైళ్ళు, ట్రావెల్స్ బస్సులు చాలామటుకు తెల్లవారుజామునే దింపేస్తాయి. లాడ్జిలో గది మాత్రం మధ్యాహ్నం పన్నెండు దాకా ఇవ్వరు. మధ్యలో ఆరేడు గంటలు. రాత్రి సరిగ్గా నిద్ర లేదు, స్నానం లేదు, చేతిలో సామాను. మొదటి రోజు చెడేది ఇక్కడే. ఊరికే కూర్చోవడం దేనికని మెరీనాకీ, అక్కణ్ణించి టి.నగర్‌కీ, దారిలో ఏదో గుడికీ తిరిగేస్తారు. పదకొండయ్యేసరికి పిల్లలు ఏడుస్తూ, పెద్దవాళ్ళు మోకాళ్ళు పట్టుకుని, మొగుడూ పెళ్ళాలు మాటల్లేకుండా గది చేరతారు. ఇక్కడుండే మాకు ఇది అలవాటైన సీను. మా ఇంటికొచ్చే చుట్టాలకి నేను చెప్పేది ఒకటే: పొద్దుటి గంటల సంగతి ముందే తేల్చుకోండి, సాయంత్రానికి ఒక్క పని పెట్టుకోండి, మిగతా ఊరంతా రేపు చూసుకోవచ్చు. ఆ వరసలోనే రాస్తున్నాను.

బయల్దేరే ముందు, ఇంట్లోనే

టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూడండి. 'చెన్నై' అని వదిలేయొద్దు. సెంట్రల్, ఎగ్మోర్, పెరంబూర్, తాంబరం దేనికదే. చార్మినార్ లాంటి బండి ఎగ్మోర్‌లో ఆగి తాంబరం దాకా పోతుంది. నిద్రలో ఎగ్మోర్ దాటిపోతే ఇంకో పాతిక కిలోమీటర్లు దక్షిణానికెళ్ళి తేలతారు. సెంట్రల్‌కి 2019లో ఎం.జి.రామచంద్రన్ పేరు పెట్టారు, బోర్డుల మీద పొడవాటి పేరు కనిపిస్తుంది. కంగారు పడకండి, ఆటోవాళ్ళకి సెంట్రల్ అంటే చాలు. ఆర్టీసీ బస్సులకి ఊరికి ఉత్తరాన మాధవరంలో బస్టాండు ఉంది. ప్రైవేటు ట్రావెల్స్ అయితే ఎక్కడెక్కడ దింపుతారో ముందే అడిగి, మీ గదికి దగ్గరి పాయింటు రాసుకోండి.

తర్వాత లాడ్జికి ఫోన్. అడగాల్సింది అద్దె ఎంత అని మాత్రమే కాదు. '24 గంటల చెక్ఔటా, పన్నెండు టు పన్నెండా?' అని అడగండి. ఎగ్మోర్ స్టేషన్ ఎదురుగా కెన్నెట్ లేన్‌లోనూ, సెంట్రల్ దగ్గర పెరియమేట్‌లోనూ 24 గంటల లెక్క మీద గది ఇచ్చే లాడ్జిలు దొరుకుతాయి. అంటే పొద్దున ఆరింటికి దిగితే ఆరింటికే గది, మర్నాడు ఆరు దాకా మీది. పన్నెండు టు పన్నెండు చోట ముందుగా ఇస్తారా, ఇస్తే ఎంత ఎక్కువ తీసుకుంటారు అని అడగండి. అరవై దాటిన వాళ్ళో, చంటిపిల్లలో వెంట ఉంటే సగం రోజు అద్దె అదనంగా ఇచ్చయినా గది తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ డబ్బు మిగుల్చుకున్నవాళ్ళు సాయంత్రంలోపే ఆటోలకీ కూల్‌డ్రింకులకీ అంతా పోస్తారు.

ఏ పేటలో ఉండాలి? బంధువులంతా టి.నగర్ అంటారు. అక్కడ మనవాళ్ళు ఎక్కువే. త్యాగరాయ నగర్ పేరు పిట్టి త్యాగరాయ శెట్టిది, పానగల్ పార్కు పేరు పానగల్ రాజా రామరాయణింగారిది, ఇద్దరూ తెలుగువాళ్ళే. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానం వారి గుడి కూడా ఉంది. కానీ అంగళ్ళ జనంతో కిటకిటలాడే రంగనాథన్ వీధి పక్కన గది తీసుకుని విశ్రాంతి అనుకోవడం కుదరని పని. పెళ్ళి బట్టలకొస్తే టి.నగర్, ఆసుపత్రి పనికొస్తే ఆ ఆసుపత్రి పక్కనే (గ్రీమ్స్ రోడ్డు, నుంగంబాక్కం వైపు ఇందుకోసమే బోలెడు లాడ్జిలున్నాయి), ఉద్యోగంలో చేరడానికో ఊరు చూడడానికో వస్తే మైలాపూర్. ఈ రాసేదంతా మైలాపూర్‌ని దృష్టిలో పెట్టుకునే. ఆసుపత్రి వాళ్ళకి ఒక్క మాట: అపాయింట్‌మెంట్ దిగిన రోజున పెట్టుకోకండి, మర్నాటికి తీసుకోండి.

సామాన్లో ఒక చిన్న చేతిసంచి విడిగా సర్దండి. బ్రష్, పేస్టు, తువ్వాలు, ఒక జత బట్టలు, రోజూ వేసుకునే మాత్రలు, చార్జరు, చిన్న సీసాలో కందిపొడి. ఆ రోజు గది దొరికేదాకా ఇంకేదీ తెరవాల్సిన పని ఉండకూడదు. పెద్ద బ్యాగులకి తాళాలు వేయండి. తాళం లేని బ్యాగుని స్టేషన్లో క్లోక్‌రూమ్ వాళ్ళు తీసుకోరు, ప్రయాణం టికెట్ కూడా చూపించమంటారు. ఆధార్ ఒరిజినల్ గదిలో ఉండే ప్రతి ఒక్కరిదీ దగ్గరుండాలి.

దిగాక మొదటి అరగంట

బండి ఆగగానే జనంతో పాటు పరుగెత్తకండి. బెంచీ మీద పది నిమిషాలు కూర్చోండి. ఆ మొదటి తోపులాట తగ్గాక ఆటోవాళ్ళ గొంతులూ తగ్గుతాయి, రేట్లూ కొంచెం దిగుతాయి. వెయిటింగ్ రూములో ముఖం కడుక్కోండి. గది ఇంకా లేదంటే సామాను క్లోక్‌రూమ్‌లో పడేయండి. లాడ్జి వాళ్ళు రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తామంటే నేరుగా అక్కడికే, ఇంకా మంచిది.

సామానుతో ఉన్నప్పుడు ఆటో, చేతులు ఖాళీ అయ్యాక మెట్రోనో లోకల్ రైలో. ఈ నియమం పెట్టుకుంటే చాలు. సెంట్రల్లో ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ ఉంది. లేకపోతే ఓలా, ఉబర్, రాపిడో యాప్‌లో మీ గది దాకా ఎంత చూపిస్తుందో చూసుకుని, ఆ అంకె మనసులో పెట్టుకుని బయటికి నడవండి. సెంట్రల్ నుంచి మైలాపూర్ ఆరేడు కిలోమీటర్లు. మీరు అంకె చెప్పకముందే ఆటోవాళ్ళు చెప్పనివ్వండి, రెండింటికీ తేడా ఎక్కువుంటే యాప్‌లోనే బుక్ చేసుకోండి, వాదన అక్కర్లేదు. విమానంలో దిగినవాళ్ళకి సులువు, ఎయిర్‌పోర్ట్‌లోంచే మెట్రో ఉంది, తెల్లవారి ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా నడుస్తుంది.

భాష గురించి చాలామంది ముందే టెన్షన్ పడతారు. తెలుగులోనే నెమ్మదిగా అడగండి, ఇక్కడ హిందీ కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది. 'అణ్ణా' అని మొదలుపెట్టి, 'ఎవ్వళవు' అంటే ఎంత, 'వేండాం' అంటే వద్దు, 'పోదుం' అంటే చాలు. మొదటి రోజుకి ఈ మూడూ సరిపోతాయి. హోటల్లో సాంబారు పోసేటప్పుడు మూడోది బాగా పనికొస్తుంది.

గది దొరికేదాకా

తెల్లవారి దిగి గది చేతికి రానివాళ్ళు మెరీనాకి పోకండి. సూర్యోదయం బాగుంటుంది, కాదనను. కానీ రోడ్డు నుంచి నీళ్ళ దాకా ఇసకలో చాలా దూరం నడవాలి, వెనక్కి రావాలి, ఏడు దాటితే ఎండ చురుక్కుమంటుంది, కాళ్ళకి ఇసక, దులుపుకోడానికి గది లేదు. దానికి బదులు మైలాపూర్‌లో లజ్ చర్చ్ రోడ్డులోని నాగేశ్వరరావు పార్కుకి వెళ్ళండి. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీద ఉన్న పార్కు అది. 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆంధ్రపత్రిక నడిపిన పంతులుగారే. పొద్దున్నే నడకకొచ్చే ముసలివాళ్ళు, బాడ్మింటన్ ఆడేవాళ్ళు, చెట్ల కింద బెంచీలు. తలనొప్పితో దిగినవాళ్ళు అమృతాంజనం రాసుకుని అక్కడే కూర్చోవచ్చు, అంతకన్నా తగిన చోటు ఉండదు. లజ్ చుట్టుపక్కల మెట్రో రెండో దశ పనులు సాగుతున్నాయి కాబట్టి ఆటో కాస్త చుట్టూ తిప్పితే మోసం అనుకోకండి.

ఇక టిఫిను. మైలాపూర్‌లో ఏ వీధిలో చూసినా పొద్దున ఆరు, ఆరున్నరకే హోటళ్ళు తెరిచి ఉంటాయి. జనం ఎక్కువున్న చోట కూర్చోండి, పేరు చూడక్కర్లేదు. ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: గది తయారుగా ఉంటే పొంగలి తినండి, లేకపోతే ఇడ్లీ తినండి. పెసరపప్పు, మిరియాలు, జీడిపప్పు, పైన తేలే నెయ్యి... వేడివేడి పొంగలి ఒక ప్లేటు పడితే అరగంటలో కళ్ళు మూతపడతాయి. పక్కనే మంచం ఉంటే దానంత సుఖం లేదు, పార్కు బెంచీ మీదయితే నరకం. సాంబారు మన దగ్గరంత కారం ఉండదు, కాస్త తియ్యగా తగిలినట్టుంటుంది. కారం కావాల్సినవాళ్ళు ఎర్ర చట్నీ ఇంకొంచెం అడగండి, ఎన్నిసార్లడిగినా వేస్తారు.

కాఫీ చివర్న చెప్పండి. గ్లాసు నిండా, పైన నురగతో, అడుగున డబరాతో (వెడల్పాటి చిన్న గిన్నె) వస్తుంది. అలాగే నోట్లో పెట్టుకుంటే నాలుక కాలుతుంది. గ్లాసంచు పట్టుకుని సగం డబరాలోకి ఒంపండి, మళ్ళీ గ్లాసులోకి, ఇంకోసారి డబరాలోకి. రెండు సార్లకి తాగే వేడికొస్తుంది, అడుగున దిగిన చక్కెరా కలుస్తుంది. చక్కెర తక్కువ కావాలంటే ముందే చెప్పాలి, కలిపి తెచ్చేస్తారు. మొదటి రోజు పొద్దున రెండు కాఫీలు మించొద్దు. మూడోది తాగారంటే మధ్యాహ్నం నిద్ర పట్టదు, ఈ ప్లానంతా ఆ నిద్ర మీదే ఉంది.

గది, స్నానం, నిద్ర

గదిలోకి వెళ్ళగానే ఫ్యాను, ఏసీ, గీజరు, తలుపు గడియ చూసుకోండి. తాగే నీళ్ళు ఎక్కడివో అడగండి. ఇక్కడ ఇళ్ళల్లోనూ లాడ్జిల్లోనూ ఇరవై లీటర్ల వాటర్ క్యానులే ఎక్కువ. కుళాయి నీళ్ళు తాగకండి. స్నానం చేస్తుంటే సబ్బు నురగ రావట్లేదంటే సబ్బుది తప్పు కాదు, చాలా చోట్ల బోరు నీళ్ళలో ఉప్పు ఉంటుంది. తలస్నానం చేయాల్సినవాళ్ళు ఆఖరి చెంబు మంచినీళ్ళు పోసుకోండి, జుట్టు అట్టకట్టదు.

తర్వాత పడుకోండి. అలారం పెట్టుకుని, రెండు గంటలు మించకుండా. అంతకన్నా ఎక్కువ పడుకుంటే రాత్రి పన్నెండు దాకా సీలింగు చూస్తూ ఉంటారు. ఇంటికి ఫోన్ చేసి చేరామని చెప్పడం పడుకోకముందే కానిచ్చేయండి, లేకపోతే అమ్మ ఫోను అలారం కన్నా ముందే మోగుతుంది.

మధ్యాహ్నం

పన్నెండు నుంచి మూడున్నర దాకా బయట తిరగడం దండగ. ఎండ ఒకటే కాదు, ఇక్కడి ఉక్కపోత హైదరాబాద్ వాళ్ళకి అలవాటు లేనిది. చెమట పడుతుంది, ఆరదు. వేసవిలో అయితే మధ్యాహ్నం ఒంటిగంట, రెండు దాటాక ఒక వేళకి సముద్రపు గాలి మొదలవుతుంది. నేల తొందరగా కాగుతుంది, మీది వేడిగాలి పైకి లేస్తుంది, సముద్రం మీది చల్లగాలి ఆ చోటుకి వస్తుంది. పడమటి గాలి గట్టిగా వీచే రోజున ఈ గాలి లోపలికి రాలేక ఆలస్యం అవుతుంది, ఊరు ఉడికిపోయేది ఆ రోజుల్లోనే. కిటికీ కర్టెను కదలడం మొదలైందంటే బయల్దేరే వేళ దగ్గరపడిందని లెక్క.

భోజనం గదికి నడిచే దూరంలోనే చేయండి. మీల్స్ అంటే అరిటాకులో లేదా పళ్ళెంలో అన్నం, సాంబారు, వత్తకుళంబు (చింతపండు పులుసు), రసం, మజ్జిగ, ఒక పొరియల్ (పొడికూర), ఒక కూట్టు (పప్పు వేసిన కూర), అప్పడం. మనలాగా పప్పుతో మొదలవ్వదు, నేరుగా సాంబారు పోసేస్తారు. అందుకే ఆ కందిపొడి. మొదటి ముద్ద నెయ్యి, పొడితో కలుపుకుంటే ఇంట్లో ఉన్నట్టుంటుంది, సర్వరు ఏమీ అనుకోడు. కూర్చునే ముందు అన్నం ఉప్పుడు బియ్యానిదా, పచ్చి బియ్యానిదా అని అడగండి. కొన్ని చోట్ల ఉప్పుడు బియ్యం వండుతారు, గింజ లావుగా ఉంటుంది, అలవాటు లేనివాళ్ళకి కడుపు బరువుగా అనిపిస్తుంది. మొదటి రోజు ప్రయోగాలు వద్దనుకుంటే పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ తిని లేవండి.

సాయంత్రానికి ఒక్కటే

నాలుగింటికి లేచి ముఖం కడుక్కున్నాక గుడా, బీచా తేల్చుకోండి. రెండూ పెట్టుకోకండి.

గుడి అయితే కపాలీశ్వరుడు. తమిళనాట గుళ్ళు చాలా వరకు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి మూసి సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు. పొద్దున హడావిడిగా పోయి మూసిన తలుపులు చూసి రావడం కన్నా ఇదే మేలు. పాత గుడి సముద్రపు ఒడ్డున ఉండేదనీ, పోర్చుగీసు వాళ్ళ కాలంలో అది పోతే ఇప్పటి చోట మళ్ళీ కట్టారనీ చెబుతారు. దర్శనం అయ్యాక ప్రాకారంలో పొన్నచెట్టు కింద సన్నిధి చూడండి, అమ్మవారు నెమలి రూపంలో శివుణ్ణి పూజిస్తుంటుంది. మైలాపూర్‌కి ఆ పేరు ఈ నెమలి వల్లే అంటారు. బయటికొచ్చి కోనేటి గట్టున కాసేపు కూర్చుని, మాడవీధులు ఒక్క చుట్టు నడవండి. అరటిపువ్వు, అరటిదూట, తామర మొగ్గలు, మూర లెక్కన మల్లెపూలు, ఇత్తడి దీపాలు. కొనాలనిపించినా మూర పూలతో ఆపేయండి, ఇత్తడి సామాను ఊరెళ్ళే ముందు రోజు చూసుకోవచ్చు.

కాళ్ళల్లో ఇంకా సత్తువ ఉంటే అక్కడికి దగ్గర్లోనే రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకి కూర్చుని డిసెంబరు 15న ప్రాణం వదిలింది అక్కడే, అప్పట్లో అది బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. మనవాళ్ళు ఆ రోడ్డులో రోజూ ఆటోలో పోతూ తలెత్తి చూడరు. లోపలికెళ్ళే వేళ కాకపోయినా బయట ఒక నిమిషం నిలబడండి.

డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్యలో దిగారా, గుడికి బదులు ఏదైనా సంగీత సభలో మధ్యాహ్నం కచేరీకి వెళ్ళండి. మధ్యాహ్నపు కచేరీలకి చాలా చోట్ల టికెట్ ఉండదు. ఈ మార్గళి (మన ధనుర్మాసం) కచేరీల్లో త్యాగరాజ కీర్తనలు బాగా పాడతారు, అవి చాలా వరకు తెలుగే. పక్కన తల ఊపుతున్న తమిళ మామకి అర్థం కాని మాట మీకు అర్థమవుతుంది. సభ క్యాంటీన్‌లో టిఫిను కూడా అయిపోతుంది.

బీచ్ అనుకుంటే, వెంట పెద్దవాళ్ళుంటే మెరీనా కాకుండా బెసంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌కి వెళ్ళండి. ఇసక మేర తక్కువ, కూర్చోడానికి గట్టు ఉంది, పక్కనే అష్టలక్ష్మి గుడి. కుర్రవాళ్ళకి మెరీనాయే సరదా. తిరుమయిలై (మైలాపూర్ లోకల్ స్టేషన్) నుంచి రైలు ఎక్కితే లైట్‌హౌస్ రెండో స్టేషనే, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. సముద్రం తూర్పున కాబట్టి సూర్యాస్తమయం నీళ్ళలో కనపడదు, ఫోటోలకని ఆరింటి దాకా కాచుకోకండి. నీళ్ళలో చీలమండ దాటి దిగొద్దు. అలలు లోపలికి లాగుతాయి, ఈత వచ్చినవాళ్ళు కూడా పోతుంటారు. తినడానికి బఠాణీ సుండల్ (గుగ్గిళ్ళు), పైన పచ్చి మామిడి, కొబ్బరి తురుము. వేడిగా ఉంటేనే తీసుకోండి. ఇక్కడి మిరపకాయ బజ్జీలో మన బజ్జీలోలాగా లోపల ఏమీ కూరరు, ముందే చెబుతున్నాను.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు. మన వైపు వానలు వెనక్కి తగ్గే వేళకి చెన్నైలో మొదలవుతాయి. ఆ నెలల్లో గొడుగు చేతిసంచిలోనే పెట్టుకోండి. మబ్బు పట్టి ఉంటే బీచ్ మాట మర్చిపోండి.

రాత్రి

ఎనిమిదిలోపు తేలిగ్గా తినేయండి. ఇడియాప్పం (బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించిన సేమియా లాంటిది), కొబ్బరిపాలు దొరికితే అంతకన్నా మంచి రాత్రి టిఫిను లేదు. పరోటా రేపటికి వాయిదా వేయండి.

గదికొచ్చాక పావుగంట రేపటి పని. 'చెన్నై వన్' యాప్ ఫోన్‌లో వేసుకోండి, 2025లో వచ్చింది, బస్సు, మెట్రో, లోకల్ రైలు టికెట్లు మూడూ అందులోనే తీసుకోవచ్చు. ఆడవాళ్ళకి 2021 నుంచి ఆర్డినరీ సిటీ బస్సుల్లో టికెట్‌కి డబ్బు తీసుకోరు, ముందూ వెనకా గులాబీ రంగు వేసిన బస్సు చూసి ఎక్కండి. ఏదైనా చూడాలనుకుంటే సెలవు రోజు చూసుకోండి. ఎగ్మోర్ మ్యూజియం శుక్రవారం ఉండదు, గిండీ చిల్డ్రన్స్ పార్కు మంగళవారం ఉండదు. కింద రిసెప్షన్‌లో వేడినీళ్ళు ఎన్నింటి నుంచి వస్తాయో కనుక్కోండి. కొన్ని లాడ్జిల్లో పొద్దున ఓ రెండు మూడు గంటలే వస్తాయి, అది తెలియక రేపటి పొద్దున అందరూ ఒకేసారి బాత్రూము ముందు నిలబడతారు.

సాయంత్రం బండికి దిగేవాళ్ళకి

మీకు పొద్దుటి గొడవ లేదు. గది తీసుకుని, స్నానం చేసి, దగ్గర్లో పెరుగన్నం తిని పడుకోండి. గుడి, బీచి ఏదీ పెట్టుకోకండి. మర్నాడు పొద్దున్నే నాగేశ్వరరావు పార్కు, తర్వాత టిఫిను. గది చేతిలోనే ఉంది కాబట్టి ఈసారి పొంగలి తినొచ్చు.